‘మళ్లీ చిగురిస్తాయి’ అని రాసేముందు

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియా అడవులు మన పేపర్లలోకి వచ్చేది తగలబడినప్పుడే. వార్త చివర ఒక ఓదార్పు కూడా ఉంటుంది, నీలగిరి చెట్లకు మంటలు అలవాటే, మళ్లీ చిగురిస్తాయని. చాలా రకాల విషయంలో నిజమే. కానీ మెల్‌బోర్న్‌కి తూర్పున కొండల మీద పెరిగే మౌంటెన్ యాష్ కూడా నీలగిరి జాతిదే, అది మాత్రం గట్టిగా కాలితే చచ్చిపోతుంది. మోడు నుంచి చిగురు రాదు. మంట వేడికి పైనున్న కాయలు విచ్చుకుని గింజలు బూడిదలో రాలాలి, మళ్లీ మొదటి నుంచీ పెరగాలి. ఆ పిల్లచెట్లు సరిపడా విత్తనం పట్టడానికి ఓ 20 ఏళ్లు పడుతుంది, ఈలోపు ఇంకోసారి కాలిందా, అక్కడ తుమ్మజాతి చెట్లే మిగులుతాయి.

నేను కొన్నాళ్లు అక్కడ ఉన్నాను, సెలవు దొరికితే ఈ చెట్లే ఉన్న షెర్‌బ్రూక్ అడవికి పోయేవాణ్ని. జామాయిల్ అంటే మనకి తెలిసిన ఎండు తోటే కదా అనుకుని వెళ్తే, వాన వెలిసి చాలాసేపైనా నెత్తిన చుక్కలు రాలుతూనే ఉన్నాయి. పైన ఎక్కడో కొమ్మలు, బెరడు పేలికల్లా ఊడి వేలాడుతోంది, కింద మనిషిని మించిన ట్రీ ఫెర్న్‌లు, వాటి మొద్దుల నిండా నాచు. దారి పక్కనే కోడంత లైర్‌బర్డ్ అనే పక్షి ఒకటి ఆకుచెత్తని కాళ్లతో వెనక్కి చిమ్ముకుంటూ పురుగులు ఏరుకుంటోంది, నన్ను లెక్కే చేయలేదు. కాసేపాగి నాలుగైదు పిట్టల కూతలు వరసపెట్టి కూసింది, అన్నీ అరువు గొంతులే!

లెడ్‌బీటర్స్ పోసమ్ కథ వేరు. ఈ అడవుల్లో ఉండే, అరచేతిలో పట్టేంత జంతువది, అంతరించిపోయిందనుకున్నాక 1961లో ఆ కొండల్లోని మేరీస్‌విల్ ఊరి దగ్గర కనిపించింది. దానికి ఉండడానికి చెట్టు తొర్ర కావాలి, తొర్ర పడాలంటే మౌంటెన్ యాష్‌కి వందేళ్లు దాటాల్సిందే. 1939 మంటల తర్వాత మొలిచిన చెట్లకే ఇంకా ఆ వయసు రాలేదు, మళ్లీ 2009లో ఫిబ్రవరి మంటలు. పచ్చగా కనిపిస్తే సరిపోదండీ, ఆ పోసమ్‌కి ఇల్లు లేదు.

నీళ్ల సంగతీ ఉంది. మెల్‌బోర్న్ తాగునీటిలో ఎక్కువ భాగం ఈ కొండల మీద పడే వానే. లేత చెట్లు ముసలి చెట్ల కంటే ఎక్కువ నీళ్లు లాగుతాయి కాబట్టి, అడవి కాలి మళ్లీ పెరిగే కొన్ని దశాబ్దాలు వాగుల్లో నీరు తగ్గుతుంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ప్రభుత్వ సహజ అడవుల్లో కలప నరకడం 2024 జనవరి 1 నుంచి ఆపేశారు, ఆ వార్త మన పేపర్లో చూసిన గుర్తు లేదు.

ఈసారి అక్కడ మంటల వార్త వేసేటప్పుడు ఏ రకం చెట్లు కాలాయో, అదే చోట ఇంతకుముందు ఎప్పుడు కాలిందో కూడా కనుక్కుని రాయండి.

– ఒక పాఠకుడు