ప్రశ్న సరిగా చదివి వినిపించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పదో తరగతి పరీక్షల ఏర్పాట్ల గురించి ఏటా మీ పత్రికలో చదువుతూనే ఉంటాను. ఎన్ని కేంద్రాలు, ఎన్ని ఫ్లయింగ్ స్క్వాడ్లు, ఎక్కడెక్కడ సీసీ కెమెరాలు, ఏ బస్సులు ఉచితం... అన్నీ వస్తాయి. తాము చెప్పే జవాబును కాగితం మీద పెట్టే స్క్రైబు సాయంతో రాసే పిల్లల సంగతి మాత్రం "దివ్యాంగులకు ప్రత్యేక ఏర్పాట్లు చేశాం" అన్న ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. నేను కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ ప్రత్యేక ఏర్పాట్ల గదిలో కూర్చుని డ్యూటీ చేశాను కూడా. అక్కడ చూసింది ఇన్నాళ్ళూ మనసులోనే పెట్టుకున్నాను.

ఆ రోజు లెక్కల పరీక్ష. లెక్కల టీచర్లకు ఆ రోజు డ్యూటీ వేయరు కాబట్టి నాకు పడింది. వరండా చివర ఒక చిన్న గది. ఒక బల్ల, ఇద్దరు పిల్లలు. పుట్టుకతోనే చూపు లేని అమ్మాయి, పక్కన వేరే బడి నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి అబ్బాయి. స్క్రైబు ఒక తరగతి తక్కువ చదువుతూ ఉండాలి కదా, అందుకని. పిల్లాడు మంచివాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది. గంట గడిచాక త్రికోణమితి వచ్చింది.

"సిన్ సున్నా" అని చదివాడు. "సున్నానా?" అంది అమ్మాయి. "అవునక్కా, కానీ సున్నాకి మధ్యలో అడ్డగీత ఉంది." అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "అది థీటా తమ్ముడూ. సైన్ థీటా అనాలి. మొదట్నుంచి మళ్ళీ చదువు" అంది.

ఆ పిల్లాడి తప్పు ఏముంది? త్రికోణమితి పదో తరగతి పాఠం. వాడింకా ఆ పుస్తకమే తెరవలేదు.

అమ్మాయి లెక్క చెప్పుకుంటూ పోయింది. మెట్టు తర్వాత మెట్టు, ఎక్కడా తడుముకోలేదు. ఒకచోట భిన్నం మొత్తాన్నీ వర్గమూలం గుర్తు కింద పెట్టాలి. పిల్లాడు లవం మీద మాత్రమే ఆ గీత గీసి, హారాన్ని బయట వదిలేశాడు. వాడికది తప్పని తెలియదు, ఆ పిల్లకు కనపడదు. చూస్తున్నది నేను ఒక్కదాన్నే, నేను నోరు విప్పకూడదు. ఆమె నోటి నుంచి సరిగానే వచ్చిన లెక్క కాగితం మీద తప్పయింది. తర్వాత స్పాట్ వాల్యుయేషన్‌లో ఎవరో ఎర్ర ఇంకుతో కొట్టేసే ఉంటారు. కాగితం మీద ఉన్నదే కదా వాళ్ళు దిద్దాలి.

అదే రోజు పొద్దున ఇంకోటి జరిగింది. ఆ అమ్మాయి టేలర్ ఫ్రేమ్ తెచ్చుకుంది. చూపు లేని పిల్లలు లెక్కలు చేసుకునే పలక అది. రేకులో నక్షత్రాల్లాంటి కంతలుంటాయి, వాటిలో లోహపు అచ్చులు తిప్పి పెడితే ఏ అంకో వేలికి తెలుస్తుంది. గేటు దగ్గర తనిఖీ చేసిన వాళ్ళు ఇదేదో వస్తువు, లోపలికి వీల్లేదని పక్కన పెట్టించారు. మూడు గంటల పైచిలుకు లెక్కల పరీక్షను ఆ పిల్ల మనసులోనే చేసింది. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల్లో టేలర్ ఫ్రేమ్, బ్రెయిలీ పలక, అబాకస్ తెచ్చుకోనివ్వాలని పేర్లతో సహా రాసి ఉంది. ఆ సంగతి నాకూ అప్పుడు తెలియదు. తెలిసుంటే గేటు దగ్గరే పోట్లాడేదాన్ని. ఈ ఒక్క విషయంలో ఆ అమ్మాయికి నేను ఇప్పటికీ బాకీ ఉన్నాననిపిస్తుంది.

చట్టం లేక కాదు ఇదంతా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ పరీక్షల విధానాన్నే వీళ్ళకు తగినట్టు మార్చాలంటుంది. అదనపు సమయం, స్క్రైబు, రెండో మూడో భాష నుంచి మినహాయింపు అందులోనే ఉన్నాయి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా ఎక్కువ సమయం ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. వైకల్యం 40 శాతం ఉంటేనే స్క్రైబు అనే పట్టుదలను సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో కొట్టేసింది. రాసేటప్పుడు చేతివేళ్ళు పట్టేసే జబ్బున్న అభ్యర్థి ఆయన. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో 30 శాతం వేశారని వెనక్కి పంపించేసిన పిల్లలు నాకు తెలుసు, అందుకే ఈ తీర్పు మన బడులకు ఎంత అవసరమో చెప్పగలను. అదే ఏడాది నవంబరులో, నీట్‌లో అదనపు గంట ఇవ్వకుండా పేపరు తీసేసుకున్న డిస్‌గ్రాఫియా (రాయడం కష్టమయ్యే లోపం) ఉన్న విద్యార్థిని కేసులో, పరీక్ష కేంద్రాల సిబ్బందికి ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలని కూడా అదే కోర్టు చెప్పింది. ఇంత ఉండి కూడా సిబ్బందికి ఆ సంగతి తెలియకపోతే గేటు దగ్గర జరిగేది అదే.

"చూపు లేని పిల్లలకు లెక్కలెందుకు?" అని మా స్టాఫ్‌రూముల్లోనే విన్నాను. మా బందరు పక్కనున్న సీతారామపురంలో పుట్టిన, చూపు లేని శ్రీకాంత్ బొల్లాకు ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఇవ్వడం కుదరదన్నారు. కోర్టుకు వెళ్ళి సాధించుకుని, 98 శాతం మార్కులు తెచ్చుకుని, అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టి నడుపుతున్నారు. ప్రతి పిల్లా కోర్టుకు వెళ్ళగలదా అన్నదే నా బాధ.

నేను అడిగేది ముఖ్యంగా ఒకటే. చదివి వినిపించే పనినీ రాసే పనినీ విడదీయండి. రాసేది తొమ్మిదో తరగతి పిల్లాడే కానివ్వండి, కాపీ అనుమానం రాకుండా. ప్రశ్న చదివేది మాత్రం ఆ గుర్తులు గుర్తుపట్టగలిగిన పెద్దవాళ్ళు కావాలి. రాసింది తిరిగి చదివి వినిపించమంటే వినిపించాలి. "వర్గమూలం లోపల ఇది, బయట ఇది" అని ఉన్నదున్నట్టు చదవడం జవాబు చెప్పడం కాదు. జవాబు చెబుతారన్న భయం ఉంటే ఆ గదిలో కెమెరా పెట్టండి, మాట కూడా రికార్డు చేయండి.

స్క్రైబును వెతుక్కునే భారం తల్లిదండ్రుల మీద పడుతోంది. కూలి పని మానుకుని ఊరూరా తిరిగి, ఎవరి పిల్లాణ్ణి పంపమని అడగాలి? వాళ్ళ పిల్లాడి చదువు పాడవుతుందని వాళ్ళకుంటుంది. ఒప్పుకున్నాక బోనఫైడ్ సర్టిఫికెట్, ఫొటోలు, హెడ్మాస్టరు సంతకం, డీఈఓ ఆఫీసు అనుమతి. హిందీ పేపరుకు హిందీ బాగా రాసేవాళ్ళు మళ్ళీ కావాలి. పరీక్ష ముందు రోజు దాకా ఆ ఇంట్లో టెన్షన్ సిలబస్ గురించి కాదు, స్క్రైబు వస్తాడా రాడా అని. మండలానికి కొందరు స్క్రైబుల జాబితా పరీక్షల విభాగమే తయారు చేసి పెట్టుకోవచ్చు. విభాగమే స్క్రైబును ఇచ్చినప్పుడు రెండు రోజుల ముందే ఇద్దర్నీ కలపాలని 2018 మార్గదర్శకాల్లో ఎలాగూ రాశారు.

నా సబ్జెక్టు గురించి ఒక మాట. "గుండె నిలువుకోత పటం గీసి భాగాలు గుర్తించండి" అని అడిగితే చూపు లేని విద్యార్థి ఏం చేయాలి? స్క్రైబు గీస్తే ఆ మార్కులు స్క్రైబు బొమ్మకు. గీయకపోతే సున్నా. రక్తం ఏ గది నుంచి ఏ గదికి, ఏ కవాటం దాటి వెళ్తుందో మాటల్లో చెప్పమంటే ఆ పిల్లలు గడగడా చెబుతారు. తరగతిలో నేను విన్నాను. సీబీఎస్‌ఈ పేపర్లలో పటం ఉన్న ప్రశ్న పక్కనే "దృష్టి లోపం ఉన్నవారికి దీనికి బదులు" అని వేరే ప్రశ్న అచ్చువేస్తున్నారు. దీనికి ఖర్చేముంది? రెండు మూడు వాక్యాలు ఎక్కువ, అంతే.

స్క్రైబే అక్కర్లేని దారి కూడా మన రాష్ట్రంలోనే వేశారు. 2023లో అనంతపురం జిల్లాలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ బడిలో చదివిన ఆరుగురు చూపు లేని విద్యార్థులు పదో తరగతి పరీక్షలు ల్యాప్‌టాప్ మీద తామే రాశారు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ ఉచితమే. ఇందులో తెలుగుకు ఒక చిక్కుంది. మన డీటీపీ పని చాలావరకు అను ఫాంట్లలో సాగుతుంది. ఆ అక్షరాలు మన కంటికి తెలుగే గానీ కంప్యూటర్‌కు తెలుగు కాదు. స్క్రీన్ రీడర్ వాటిని అర్థం లేని గుర్తులుగా చదువుతుంది. లెక్కల సూత్రాన్ని బొమ్మగా అతికిస్తే అక్కడ మాటే రాదు. అందుకని ఈ పిల్లల ప్రశ్నపత్రం మొదటినుంచీ కంప్యూటర్ తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లో తయారు కావాలి, సూత్రాలను మాటల్లో కూడా రాయాలి. పరీక్ష రోజు ల్యాప్‌టాప్ చేతికిస్తే సరిపోదు. అర్ధ సంవత్సర పరీక్షలూ ప్రీ ఫైనల్సూ అలాగే రాయించాలి.

వినపడని పిల్లల్ని ఇంకా తేలిగ్గా మర్చిపోతాం. పేపర్లో అచ్చుతప్పు ఉందని ఇన్విజిలేటర్ నోటితో చెప్పి వెళ్ళిపోతే వాళ్ళకు తెలిసేదెలా? బోర్డు మీద రాయండి.

స్క్రైబుల పేరుతో మోసం జరుగుతోందని అంటారు. ఉద్యోగ పరీక్షల్లో అలాంటివి బయటపడ్డాయి కూడా, కాదనను. కానీ విభాగం స్క్రైబును తనే ఇస్తే ఆ మోసానికి చోటే తగ్గుతుంది. ఇవ్వకుండా వదిలేసి, తెచ్చుకున్నవాళ్ళను అనుమానంగా చూడటం మాత్రం న్యాయం కాదు.

పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలు, అదే నామినల్ రోల్స్, పంపేటప్పుడు వైకల్యం కాలమ్ ప్రతి బడీ నింపుతుంది. అంటే ఏ ఊళ్ళో ఏ పిల్లకు ఏం కావాలో పరీక్షకు నెలల ముందే ఆఫీసు కాగితాల్లో ఉంటుంది. ఈసారి ఆ కాలమ్ పక్కనే చదివేవారు కావాలా, స్క్రైబా, ల్యాప్‌టాపా, టేలర్ ఫ్రేమ్ తెచ్చుకుంటారా అని అడిగి, ఆ వివరాలు హాల్‌టికెట్ మీదే అచ్చువేయమని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. హాల్‌టికెట్ మీద ఉంటే గేటు దగ్గర ఎవరూ ఆపరు.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
కృష్ణా జిల్లా