ఆ 94 నంబర్ గురించి

అందరికీ నమస్తే. పోయిన నెల మన షాపులో గుమ్మం పక్క ర్యాక్‌లో "94 పాయింట్లు" అని ట్యాగ్ పెట్టి అమ్మిన బోర్డో రెడ్, అదే ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్, గుర్తుందా? ఆ 94, అంటే వైన్ విమర్శకులు వందకి వేసే మార్కు, దానిది కాదు. అదే ఎస్టేట్, అదే లేబుల్, కానీ స్కోర్ వచ్చింది 2018 వింటేజ్‌కి, అంటే ఆ ఏడాది కోసిన ద్రాక్షతో చేసినదానికి, మీకు నేను అమ్మింది 2021. మన రెగ్యులర్ ఒకాయన కళ్లజోడు సర్దుకుని ట్యాగ్ కింద చిన్నక్షరాలు చదివి, నలుగురూ వినకుండా నా చెవిలో చెప్పారు. గట్టిగా తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

మూడేళ్ల తేడాకి ఇంత గొడవా అంటారేమో. 2018లో అక్కడ ఎండలు బాగా కాసి ద్రాక్ష ముగ్గి, వైన్ చిక్కగా, ఆల్కహాల్ ఎక్కువగా వచ్చింది. 2021లో ఏప్రిల్ మంచుకి చిగుళ్లు మాడిపోయాయి, ఆ తర్వాత వానలు, బూజు తెగులు. వైన్ పలచగా, కాస్త పుల్లగా ఉంటుంది. నిజానికి తర్వాత తాగి చూస్తే నాకు నచ్చింది కూడా, అదే ఇంకా మంట, ఆ మాటే రాసి అమ్ముకోవచ్చు కదా నేను!

ట్యాగ్ పంపింది సప్లయర్. ఫోన్ చేస్తే "అందరూ అలాగే పెడతారండీ, ఏడాది ఎవరు చూస్తారు" అన్నాడు. సారీ కూడా కాదు, నవ్వు. ఇన్నేళ్లుగా ఒక్క పేమెంట్ కూడా లేట్ చెయ్యలేదు నేను. సరే, ఆయన పంపాడు, తగిలించింది మాత్రం నేనే. దాని కింద నా చేతిరాతతో ఉన్న రెండు లైన్లు, వైన్‌లో ఏయే వాసనలు తగులుతాయో చెప్పే ఆ బ్లాక్‌కరెంట్, లెదర్, పొగాకు అన్నీ ఆయన షీట్‌లోంచి ఎత్తినవే, సీసా తెరవకుండానే రాసేశా. రుచి చూడందే ఒక్క ముక్క రాయనని మీ ముందు ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నానో మీకూ తెలుసు.

అందుకే షాపులో నంబర్ ట్యాగులన్నీ పీకేశా. దీనికి మూడు రాత్రులు నిద్ర లేదు, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్లు ముందు చూసేది నంబరే, ఎర్ర ట్యాగ్ ఉన్న సీసా దానంతటదే అమ్ముడుపోతుంది. పైగా రోజులు బాలేవు, 2024లో ప్రపంచం మొత్తం తాగిన వైన్ దాదాపు 2140 కోట్ల లీటర్లు, 1961 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదట, ఇలాంటప్పుడు ఉన్న ఒక్క ఊతకర్రా తీసి పారేస్తావా అని ఇంట్లో క్లాసు పీకారు. ఆ మాటకీ నా దగ్గర జవాబు లేదు.

కానీ ఈ వంద పాయింట్ల లెక్క సంగతేంటో చూడండి. 1978లో వైన్ పత్రిక మొదలుపెట్టిన అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ దీన్ని పాపులర్ చేశాడు, అందులో వైన్ అయితే చాలు 50 మార్కులు ముందే పడతాయి, ఖాళీ పేపర్ ఇచ్చినా సగం మార్కులన్నమాట. కాలిఫోర్నియాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అని ఒకాయన, తనూ వైన్ చేసేవాడే, పోటీలో జడ్జిలకి ఒకే సీసాలోంచి ఒకే వైన్‌ని వాళ్లకి తెలీకుండా మూడుసార్లు పోయించాడు. మామూలుగానే స్కోర్లు నాలుగు పాయింట్లు అటూ ఇటూ ఊగాయని 2008లో అచ్చేశాడు. అంటే 94 అన్న చెయ్యే ఇంకాసేపటికి 90 వెయ్యొచ్చు. దాన్ని నమ్ముకుని నేను నా నోరు కట్టేసుకున్నా.

ఇకనుంచి నేను తాగిన సీసాకే రాత ఉంటుంది, ఏడాది పెద్దక్షరాల్లో. రాత లేకపోతే నేనింకా తాగలేదని అర్థం. సగం ర్యాక్‌లు బోసిగా కనిపిస్తాయి, ఏమీ అనుకోకండి.

ఆ బోర్డో కొన్నవాళ్లు బిల్లు లేకపోయినా, సీసా తాగేసినా రండి, డబ్బులు వెనక్కిస్తా.

ఇంకోటి, ఆ సప్లయర్‌తో కొనడం ఆపేశా. ఆయనతో పాటు మీలో కొందరు కేసులకి కేసులు పట్టుకెళ్లే రీస్లింగ్ అనే తెల్ల వైన్ కూడా పోయింది. వేరేచోట దొరికితే అక్కడే తీసుకోండి, నేనేం అనుకోను. అనుకుంటాలెండి, పైకి చెప్పను.