అవధాన్లు వేషం కొట్టేసిన మామకి

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. కన్యాశుల్కంలో గిరీశం ఇస్తారనుకుంటే అగ్నిహోత్రావధాన్లు అంటగట్టారని ఆ ఏడుపు గొంతేంట్రా బాబూ, నన్నడిగితే నీకు లక్కు తగిలింది. గిరీశం ఎవడేసినా సగం పని గురజాడే చేసి పెట్టేశాడు, జనం నవ్వడానికి రెడీ అయ్యే వచ్చి కూర్చుంటారు. అవధాన్లకి ఆ సుఖం లేదు. వేసేవాడు చెయ్యాల్సిందే.

రిహార్సల్స్‌కి ఎలా రెడీ అవ్వాలి అన్నావు కదా. పోర్షన్ త్వరగా నోటికి పట్టించు, కానీ రాగం పట్టించకు. మన పరిషత్తు నాటకాల్లో చూస్తుంటాం కదా, కొంతమంది ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ తగ్గించాలో ఇంట్లో అద్దం ముందే ఫిక్స్ అయిపోయి వస్తారు, ఇంక ఎదుటివాడు ఏడ్చినా నవ్వినా వీళ్ల డైలాగ్ మాత్రం అదే ఊపులో పోతుంటుంది. పద్యనాటకాల రోజుల నుంచీ ఉన్న జబ్బేమో అనిపిస్తుంది నాకు, రాగం బాగా తీస్తే వన్స్‌మోర్ కొట్టేవాళ్లు కదా, కథ అక్కడ ఆగిపోయినా ఎవడికీ పట్టింపు ఉండేది కాదు. నువ్వు మాత్రం చప్పగా, ఎక్స్‌ప్రెషన్ ఏమీ పెట్టకుండా, రేషన్ లిస్టు చదివినట్టు బట్టీ పట్టు. సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో బట్టలు మడతపెడుతూనో అప్పజెప్పుకో, చేతులు ఆగకుండా మాటలు వస్తున్నాయంటే పోర్షన్ వచ్చినట్టు. చెయ్యి ఆగి కళ్లు సీలింగ్ వైపు వెళ్లాయంటే ఇంకా రానట్టే.

ఇంకోటి, నీ సీన్లు మాత్రమే జెరాక్స్ తీసుకున్నానన్నావ్, అది తప్పురా. 1909లో గురజాడ తిరగరాసింది ఏడంకాల నాటకం, పూర్తిగా ఆడితే తెల్లారిపోతుంది కాబట్టి మీవాళ్లు కోసేసే ఉంటారు, అది మామూలే. కానీ ఆ కోసేసిన పేజీల్లోనే ఉంటాడు నీ అవధాన్లు. పెద్దకూతురు బుచ్చమ్మని డబ్బు తీసుకుని ముసలాడికిచ్చాడు, ఆ పిల్ల వితంతువై ఇంటికొచ్చింది, ఆ ముసలాడి ఆస్తి కోసం కోర్టులో దావా నడుపుతున్నాడు, అంత జరిగాక కూడా చిన్నది సుబ్బిని తీసుకెళ్లి ఇంకో ముసలాడు లుబ్ధావధాన్లకి ముడిపెడతానంటాడు. చదివితే మనకి ఒళ్లు మండుతుంది కదా? ఆ మంటతోనే స్టేజి ఎక్కితే మాత్రం వేషం చచ్చిందన్నమాటే, ఎందుకంటే అప్పుడు జనానికి కనపడేది అవధాన్లు కాదు, అవధాన్లని తిడుతున్న నువ్వు. వాడి లెక్కలో వాడు కరెక్టు. అగ్రహారంలో అందరూ చేసేదే తనూ చేస్తున్నాడు, సంసారం ఈదుతున్నాడు, ఇంట్లో వాళ్లంతా కలిసి తన మీద పడుతున్నారు. పెళ్లాం వెంకమ్మ నూతిలో దూకేదాకా వచ్చినా వాడికి అర్థం కాకపోవడం ఉంది చూశావూ, అది విలనీ కంటే భయంగా ఉంటుంది.

మాస్కోలో స్టానిస్లావ్‌స్కీ అని పెద్ద నాటక దర్శకుడు ఆర్టిస్టులందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఈ పాత్రకి ఇప్పుడేం కావాలి, అడ్డం ఏంటి, నేనే ఆ చోట ఉంటే ఏం చేస్తాను అని తెగ తవ్వించేవాడు. తర్వాత తర్వాత ఆయనే ఆ కూర్చోవడం తగ్గించి, ముందు లేచి పని చెయ్యండి, చేస్తుంటే ఫీలింగ్ అదే వస్తుంది అనే వైపుకి మళ్లాడు. నాకు ఈ రెండోదే నచ్చుతుంది, మనవాళ్లు బల్ల దగ్గర కూర్చుంటే టీలు, పకోడీలు, రాజకీయాలు తప్ప ఏమీ తేలదు. కాకపోతే సీన్‌లోకి దిగేముందు ఒక్క ప్రశ్న వేసుకో, వెంకమ్మ నుంచి నాకేం కావాలి? కోపం చూపించడం జవాబు కాదు. ఆవిడ నోరు మూయించాలి, లేదా బావమరిది కరటకశాస్త్రి ముందు పరువు నిలుపుకోవాలి, అలా ఏదో ఒకటి కావాలి. అది దొరికితే అరవాలా గొణగాలా అన్నది దానంతటదే తేలిపోతుంది.

మీ డైరెక్టరు ఆ కోపంలో వెంకమ్మ జుట్టు పట్టుకుని లాగే బిజినెస్, అంటే స్టేజి మీద చేసే పని, పెట్టాడన్నావ్ కదా, ఇది మాత్రం శ్రద్ధగా చదువు. నువ్వు లాగకూడదు. ముందు వెంకమ్మ వేసే అమ్మాయిని అడుగు, ఇలా చెయ్యొచ్చా, ఎక్కడ చెయ్యి పెట్టాలి అని. ఒప్పుకుంటే నీ పిడికిలి ఖాళీగా ఆవిడ తల మీద ఆనించి ఉంచు, ఆవిడ రెండు చేతులతో నీ మణికట్టు పట్టుకుని తలకి నొక్కుకుంటుంది, ఎటు వెళ్లాలో, ఎంత స్పీడులో వెళ్లాలో ఆవిడే చూసుకుంటుంది, నువ్వు మొహంతో నటిస్తూ వెనక వెళ్లడమే. చూసేవాళ్లకి ఈడ్చుకుపోతున్నట్టే ఉంటుంది. ప్రతి రిహార్సల్‌కి ముందు స్లోగా ఒకసారి చేసుకోండి, షో రోజు కూడా. "ఫ్లోలో వచ్చేసింది" అని నిజంగా లాగేసి, తర్వాత దాన్ని గొప్ప నటన అని చెప్పుకునేవాళ్లంటే నాకు అసహ్యం.

ఆవిడ మాట్లాడుతున్నప్పుడు నీ తర్వాతి డైలాగ్ గుర్తు చేసుకోకు, వినంతే. చివరి రెండు ముక్కలు క్యూ కోసం, అంటే నీ వంతు ఎప్పుడో తెలియడం కోసం, పట్టుకుని కూర్చుంటే అది వినడం కాదు. ఆవిడ ఇవాళ ఒక మాట మింగేస్తే నీ జవాబు ఇవాళ వేరేగా రావాలి. ఇది నీకు కష్టమేలే, ఎందుకంటే చెల్లెమ్మ మాట్లాడుతుంటే నువ్వు ఫోన్ చూస్తూ "ఊఁ ఊఁ" అనడం నేను కళ్లారా చూశాను. కొన్నాళ్లు గ్రౌండ్ వర్క్ ఇంట్లోనే చెయ్యి, ఫీజు కూడా లేదు. కాకపోతే అవధాన్లుని మాత్రం హాల్లోనే వదిలేసి రా, పాత్రలో ఉన్నానని చెప్పి కూరలో ఉప్పు తక్కువైందని అరిస్తే పళ్లెం నీ మీదే పడుద్ది.

నీ సీన్ లేని రోజు ఎగ్గొట్టకు. ఎవరైనా రాకపోతే వాళ్ల పోర్షన్‌కి నువ్వు ప్రాక్సీ నిలబడు, లేకపోతే ప్రాంప్టింగ్ చెయ్యి, మర్చిపోయినవాళ్లకి పక్క నుంచి డైలాగ్ అందించు. సురభి నాటక సమాజం వాళ్లు 1885లో మొదలెట్టి ఇన్ని తరాలు నిలబడ్డారంటే, పిల్లలు తెర వెనకే పెరిగి, అందరి పోర్షన్లూ చెవిన పడి, ఒకరికి ఒంట్లో బాలేకపోతే ఇంకొకరు ఎక్కేసే పద్ధతి ఉండబట్టే కదా. ఒకసారి బుచ్చమ్మకి ప్రాక్సీ నిలబడి చూడు, ఎదురుగా అవధాన్లు అరుస్తుంటే ఆ కూతురికి ఎలా ఉంటుందో నీకే తెలుస్తుంది.

డైరెక్టరు అందరి ముందూ కరెక్షన్ చెప్తే "అది కాదు సార్, నేనేం అనుకున్నానంటే" అని మొదలెట్టకు. రాసుకో, మర్నాడు చేసి చూపించు, అప్పటికీ కుదరకపోతే అప్పుడు మాట్లాడు. ఇంకా ఆ యాస సంగతి, సినిమాల్లో కామెడీకి వాడే ఉత్తరాంధ్ర యాస తెచ్చి పెట్టకు దయచేసి, మా విజయనగరంలో ఎవరూ అలా సాగదియ్యరు. 1892లో మొదటిసారి ఈ నాటకం ఆడిన ఊరు మాది, ఆ మాత్రం పొగరు మాకుంటుంది. నీ సీన్లు ఫోటో తీసి పంపు, మా పెద్దమ్మ చేత చదివించి ఆడియో పెడతా, ఆవిడ ఎక్కడ ఆగుతుందో విను చాలు.

షో డేట్ కన్ఫర్మ్ అవ్వగానే చెప్పు, ట్రైన్ టికెట్ చూసుకోవాలి, మళ్లీ వెయిటింగ్ లిస్టులో పడేస్తే ఊరుకోను. వెంకమ్మ వేస్తున్నది ఎవరో కూడా రాయి.

ఉంటా మరి.