చిన్ని గ్లాసులో ఉన్నది వైన్ కాదమ్మా

అమ్మా,

ఫోన్లో చెప్తే సగంలోనే "సర్లే తల్లీ, మీ ఇష్టం" అని పెట్టేస్తావు, అందుకే చిన్ని పడుకున్నాక కూర్చుని టైప్ చేస్తున్నా. తీరిగ్గా చదువు, నాన్నకి కూడా వినిపించు. ముందు అసలు సంగతి చెప్పేస్తా. నా స్టేటస్‌లో పబ్బులో తీసిన మా చిన్ని ఫోటో చూసి నువ్వూ పక్కింటి పిన్నిగారూ గుండెలు బాదుకున్నారే, దాని చేతిలో ఉన్న ఆ ఎర్ర గ్లాసు, అది వైన్ కాదు. బ్లాక్‌కరెంట్ అనే పళ్ళ స్క్వాష్, మన షర్బత్ లాంటిది. అడుగున కాస్త పోసి గ్లాసు నిండా నీళ్ళు కలిపి స్ట్రా వేసి ఇస్తారు. ఇక్కడ పబ్బుకొచ్చిన పిల్లల్లో సగం మంది చేతిలో అదే ఉంటుంది, మిగతా సగం మంది బట్టల మీద ఉంటుంది. చిన్ని పసుపు గౌను మీద పడ్డ మరక ఇంకా వదల్లేదు, రెండుసార్లు ఉతికా.

నీ కంగారు నాకర్థమైంది. పబ్బు అనగానే నీకు టీవీ న్యూస్‌లో చూపించేవే గుర్తొస్తాయి, చీకటి, రంగు లైట్లు, డీజే, తలుపు దగ్గర పోలీసులు. ఐర్లాండ్‌లో, మా గాల్వే ఊళ్ళో పబ్బంటే అలా కాదమ్మా. మధ్యాహ్నం పూట వెళ్తే ముసలాళ్ళు పేపర్ చదువుకుంటూ సూప్ తాగుతుంటారు, గోడలో పొయ్యి మండుతుంటుంది, ఓ మూల ఎవరిదో కుక్క పడుకుని ఉంటుంది. పిల్లకి పేరు పెట్టినా బంధువులంతా అక్కడికే, మనిషి పోయినా శ్మశానం నుంచి నేరుగా అక్కడికే. పూర్వం పల్లెటూళ్ళలో అయితే పబ్బుకి ఒక పక్క కిరాణా కొట్టు కూడా ఉండేదట, కొన్నిచోట్ల శవపేటిక దగ్గర్నుంచి అంత్యక్రియల ఏర్పాట్లన్నీ ఆ పబ్బాయనే చూసేవాడట. పొగ గురించి అడుగుతావని తెలుసు, 2004 మార్చి 29 నుంచి ఈ దేశంలో పబ్బు లోపల సిగరెట్ వెలిగించకూడదు, దేశం మొత్తం మీద ఆ పని చేసింది ప్రపంచంలో వీళ్ళే మొదట. కాల్చుకునే వాళ్ళంతా పాపం బయట వానలో వణుకుతూ నిలబడతారు.

ఇదంతా సరే, కానీ "రాత్రిపూట పసిపిల్లకి అక్కడేం పని" అన్నావు చూడు, ఆ మాట మాత్రం నా బుర్రలోంచి పోలేదు. నిజం చెప్పాలంటే ఆర్నెల్ల కిందట అడిగుంటే నీతో గొడవేసుకునేదాన్ని.

ఐర్లాండ్‌లో దీనికి చట్టమే ఉంది. పదిహేనేళ్ళ లోపు పిల్లల్ని అమ్మానాన్నో గార్డియనో వెంట ఉంటేనే బార్‌లోకి రానిస్తారు, అదీ రాత్రి 9 దాకే. 2003లో పెట్టిన రూలు ఇది, తర్వాతి ఏడాది కాస్త సడలించి మే నుంచి సెప్టెంబర్ దాకా 10 చేశారు. ఎండాకాలంలో ఇక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురే ఉంటుంది కదా, తొమ్మిదింటికి ఇంటికి పొమ్మంటే పట్టపగలు తరిమేసినట్టు ఉంటుంది మరి.

పోయిన డిసెంబర్లో ఆ రూలు మాకు మొదటిసారి తగిలింది. ఆ రోజు పాటల సెషన్ కొంచెం త్వరగానే మొదలైంది, మామూలుగా అయితే తొమ్మిదిన్నర దాటాకే. స్టేజీ ఉండదు, మైకు ఉండదు, ఒక బల్ల చుట్టూ ఫిడేలు పట్టుకుని ఒకరు, టిన్ విజిల్ అని రేకు పిల్లనగ్రోవి లాంటిది పట్టుకుని ఒకరు, బౌరాన్ అని మేకతోలు బిగించిన డప్పు లాంటిది చిన్న కర్రతో వాయిస్తూ ఇంకొకరు, ఎవరొస్తే వాళ్ళు జరిగి చోటిస్తారు. అకార్డియన్ వాయించే పెద్దావిడ చిన్నిని పక్కన కూర్చోబెట్టుకుంది. అది నోరు తెరుచుకుని ఆవిడ వేళ్ళ వంకే చూస్తోంది, ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్ల. సరిగ్గా అప్పుడే బార్ అబ్బాయి వచ్చి "సారీ, తొమ్మిదైంది, పాపని తీసుకెళ్ళాలి" అన్నాడు.

నాకు ఎక్కడో కాలింది. ఇండియన్స్ కదా, అందుకే మనల్నే లేపుతున్నాడు అనుకున్నా, తెలుగులో నాలుగు మాటలు అనేశా కూడా. నీ అల్లుడు చెయ్యి నొక్కి అటు చూడమన్నాడు. ఆ అబ్బాయి పక్క టేబుల్ దగ్గర, తర్వాత కిటికీ పక్కన బేబీ బండి పెట్టుకున్న జంట దగ్గర, అందరికీ అదే పాట పాడుతున్నాడు. సిగ్గేసింది. అయినా కోటు తొడుగుతుంటే చిన్ని ఏడ్చిన ఏడుపుకి నెల రోజులు ఆ రూల్‌ని తిట్టుకుంటూనే ఉన్నా. అర్ధరాత్రి ముహూర్తాలకి మమ్మల్ని తీసుకెళ్ళి పెళ్ళిపందిట్లో దుప్పటి పరిచి పడుకోబెట్టలేదా మీరు, మేమేమన్నా చెడిపోయామా అని నీ అల్లుడితో వాదించా.

మేలో ఆ ఫోటో తీసిన రోజు చూశాక నా నోరు పడిపోయింది.

ఇక్కడ ఏడెనిమిదేళ్ళ వయసులో పిల్లలకి చర్చిలో ఫస్ట్ కమ్యూనియన్ అని చేస్తారు. ఆడపిల్లలకి బుల్లి పెళ్ళికూతుళ్ళలా తెల్ల గౌను, తల మీద మేలిముసుగు. చిన్ని ఫ్రెండ్ వాళ్ళక్కకి చేశారు, మమ్మల్నీ పిలిచారు. చర్చి అయ్యాక పబ్బు వెనక పెరట్లో పార్టీ. గాలి నింపిన కోట ఒకటి పెట్టారు, పిల్లలంతా షూలు విప్పేసి దాని మీద గెంతుడే గెంతుడు. ఏడింటి దాకా స్వర్గం అనుకో. పెద్దవాళ్ళు పిల్లల దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని మాట్లాడుతున్నారు, పడితే లేపుతున్నారు, నువ్వు చూసిన ఫోటో అప్పటిదే.

ఎనిమిదిన్నరకి చలేసి అందరం లోపలికొచ్చాం. పది దాకా టైముంది కదా అని ఎవరూ కదల్లేదు. అమ్మా, అక్కడ ఎవరూ తూలలేదు, ఎవరూ బూతులాడలేదు. అందరి గొంతులూ కొంచెం కొంచెంగా పెరిగాయి అంతే. ఒకరు నవ్వితే పక్కవాళ్ళు ఇంకా పెద్దగా నవ్వాలి. ఎవరి చేతిలోంచో గ్లాసు జారి పగిలింది, ఇక్కడో ఆచారం, గ్లాసు పగిలితే పబ్బంతా "హేయ్" అని అరుస్తుంది, సరదాకే. చిన్ని మాత్రం ఉలిక్కిపడి నా చంకలో దూరింది, మళ్ళీ బయటికి రాలేదు.

మా ఎదురు టేబుల్ దగ్గర ఒక పిల్లాడు, ఐదేళ్ళుంటాయేమో. బీరు గ్లాసుల కింద పెట్టే అట్టముక్కలు ఉంటాయి చూడు, వాటితో ఇల్లు కడుతున్నాడు. రెండంతస్తులు లేపాడు. "డాడీ, చూడు" అన్నాడు. వాళ్ళ నాన్న తల తిప్పకుండానే "సూపర్ నాన్నా" అన్నట్టు వాడి జుట్టు చెరిపాడు. మళ్ళీ పిలిచాడు. ఈసారి ఒక క్రిస్ప్స్ ప్యాకెట్ వచ్చింది. అంతకుముందువి రెండు ఖాళీ ప్యాకెట్లు అక్కడే ఉన్నాయి. మూడోసారి చొక్కా పట్టుకుని లాగాడు, "ఐదే ఐదు నిమిషాలు" అన్నాడాయన, నవ్వుతూనే, పాపం మంచిమనిషిలానే ఉన్నాడు. కాసేపటికి చూస్తే వాడు బల్ల మీద బుగ్గ ఆనించి నిద్రపోతున్నాడు. ఒలికిన బీరుతో బల్లంతా జిగటగా ఉందేమో, లేపి భుజానేసుకునేటప్పుడు ఒక అట్టముక్క వాడి బుగ్గకే అంటుకుని వచ్చింది.

ఆయన్ని తప్పుపట్టబోయా, ఇంతలో చిన్ని నా చెవిలో "అమ్మా, మన ఐదు నిమిషాలు ఎప్పుడవుతాయి" అంది. అప్పుడు లెక్కేసుకుంటే నేను కూడా దానికి మూడుసార్లు చెప్పానమ్మా ఆ మాట. నేను చుక్క తాగలేదు, కారు నడపాలని లైమ్ సోడాతోనే కూర్చున్నా, అయినా కబుర్లలో పడిపోయా.

పెళ్ళిపందిరితో పోల్చానే, అది తప్పని అక్కడే తెలిసింది. పందిట్లో దుప్పటి పరిచినప్పుడు మా పక్కన అమ్మమ్మ ఉండేది, అటూ ఇటూ వెళ్ళే ఏ అత్తో ఒకసారి వంగి చూసేది. పబ్బులో రాత్రయ్యాక ఆ చూసే మనిషి ఉండదు. గ్లాసులో ఏముందన్నది కాదు నా బాధ, పిల్లలు తాగుడు చూసి నేర్చేసుకుంటారన్న భయం నాకు ఇప్పటికీ అంతగా లేదు. పిల్లతోపాటు ఉన్న పెద్దవాళ్ళంతా ఒకేసారి ఆ పిల్లని మర్చిపోయే వేళ ఒకటొస్తుంది చూడు, దానికి ముందే బయటపడాలి.

మాంచెస్టర్లో ఉన్న మా తోటికోడలు ఇది విని నవ్వింది. ఇంగ్లండ్‌లో ఇలా తొమ్మిది గంటల చట్టం లేదు, పెద్దవాళ్ళు వెంట ఉంటే చాలు, ఎన్నింటి దాకా ఉండనివ్వాలన్నది చాలావరకు ఆ పబ్బు వాళ్ళ ఇష్టమే. "మాకు మేమే చూసుకుంటాం" అంది గొప్పగా. అక్కడి అప్పటి ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ ఎనిమిదేళ్ళ కూతుర్ని పబ్బులో మర్చిపోయి ఇంటికెళ్ళిపోయిన సంగతి గుర్తుచేశా, 2012లో బయటికొచ్చింది ఆ వార్త. రెండు కార్లలో బయల్దేరారట, నీ కారులో ఉందనుకున్నా అంటే నీ కారులో ఉందనుకున్నా అని. అది పట్టపగలు, ఆదివారం భోజనం వేళ, చుట్టూ సెక్యూరిటీ కూడా ఉండే మనిషి! పాప క్షేమంగానే ఉంది లే. మా తోటికోడలు టాపిక్ మార్చేసింది.

కానీ ఒకటి మాత్రం నువ్వు అర్థం చేసుకోవాలి. పిల్లల్ని ఇంట్లో ఉంచి వెళ్ళొచ్చుగా అంటావు, ఎవరి దగ్గర ఉంచను? బేబీసిట్టర్‌కి గంటకింత అని ఇచ్చుకుంటూ పోతే పార్టీ కంటే అదే ఎక్కువవుతుంది. పిల్లల్ని తీసుకురాకూడదంటే ఇక్కడ సగం మంది తల్లులు మనిషి మొహం చూడకుండా శీతాకాలం గడపాలి, నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. అందుకే పూర్తిగా మానెయ్యమని చెప్పకు, అది నా వల్ల కాదు. ఇప్పుడు చలికాలమైనా ఎండాకాలమైనా ఎనిమిదికల్లా చిన్నికి కోటు తొడిగేస్తున్నా. నీ అల్లుడికి ఉండాలనుంటే ఉంటాడు, నాకు ఉండాలనుంటే ఆయన తీసుకెళ్తాడు, వంతులు. రెండువారాలుగా నడుస్తోంది, మూడోవారం ఎవరి వంతన్న దాని మీద అప్పుడే గొడవ.

సెషన్లు పోయాయే అని చిన్ని బెంగపెట్టుకుంది. అయితే కోల్టస్ అని ఇక్కడ 1951 నుంచి నడుస్తున్న సంగీత సంఘం ఉంది, ఊరూరా బ్రాంచీలు, పిల్లలకి సాయంత్రం పూటే క్లాసులు చెప్తారు. సెప్టెంబర్లో చేర్పిస్తా. ఈలోపు ఒక టిన్ విజిల్ కొనిచ్చా, అదే నేను చేసిన తప్పు. పొద్దున్న ఆరింటికి మొదలెడుతోంది, రెండే రెండు స్వరాలు, కిందింటావిడ మొహం చూడలేకపోతున్నా.

ఆదివారం వీడియో కాల్‌లో నీకు వాయించి వినిపిస్తుందట. పిన్నిగారిని కూడా కూర్చోబెట్టు. ఎక్కడ విని నేర్చుకుందని అడిగితే మాత్రం క్లాసులో అని చెప్పు.

నీ,
పెద్దది