‘ఉండి యుంటిని’ ఎవరి తెలుగు?

సంపాదకులకు,

పదో తరగతికీ పోటీ పరీక్షలకూ వచ్చే గైడ్లలో టెన్సుల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ (గతంలో ఒక సమయం దాకా సాగుతూ వచ్చిన పనిని చెప్పే ‘హ్యాడ్ బీన్ రైటింగ్’ లాంటి రూపం) గడిలో ‘నేను వ్రాయుచు ఉండి యుంటిని’ అని తెలుగు అర్థం ఇస్తారు. ఆ మాట ఏ ఊళ్లోనూ ఎవరూ అనరు. అనకపోతే పోనీ, దానికి దగ్గరగా మనం వాడే ‘రాస్తూ ఉండి ఉంటాడు’ పూర్తిగా వేరే సంగతి. అది ఊహ. ‘ఈపాటికి రాస్తూ ఉండి ఉంటాడు’ అంటే ‘మస్ట్ బి రైటింగ్’. పట్టికను నమ్మిన విద్యార్థి ‘హ్యాడ్ బీన్ రైటింగ్’ అన్నా అనుమానంగా చెబుతున్నట్టే అనుకుంటాడు.

నిజానికి ఈ టెన్సు భావం మన నోట రోజూ వచ్చేదే. ‘బస్సు వచ్చేసరికి మేం రెండు గంటలుగా ఎదురుచూస్తున్నాం.’ దీన్నే ఇంగ్లీషులో ‘వెన్ ద బస్ కేమ్, వుయ్ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్’ అంటాం. చిక్కంతా ‘ఎదురుచూస్తున్నాం’ దగ్గరే. ‘ఆర్ వెయిటింగ్’, ‘వర్ వెయిటింగ్’, ‘హ్యావ్ బీన్ వెయిటింగ్’, ‘హ్యాడ్ బీన్ వెయిటింగ్’ నాలుగింటికీ తెలుగులో ఆ ఒక్క రూపమే చాలు. అందుకే క్రియను చూసి టెన్సు తేల్చలేం, చుట్టూ ఉన్న మాటలు చూడాలి. ‘వచ్చేసరికి’, ‘అప్పటికి’ లాంటి గతకాలపు గుర్తు, ‘రెండు గంటలుగా’ లాంటి వ్యవధి రెండూ ఉంటే ‘హ్యాడ్ బీన్’. ఇప్పటిదాకా సాగుతున్న పనికి వ్యవధి మాత్రమే చెబితే ‘హ్యావ్ బీన్’. గుర్తు ఉండి వ్యవధి లేకపోతే చాలాసార్లు ‘వర్ వెయిటింగ్’ సరిపోతుంది. వాన వెలిశాక తడిసిన నేలను చూసి ‘ఇట్ హ్యాడ్ బీన్ రెయినింగ్’ అన్నప్పుడు వ్యవధి అక్కర్లేదు, అది వేరే సందర్భం. గుర్తుగా నిలిచిన క్రియ మాత్రం ‘కేమ్’ అని మామూలు పాస్ట్‌లోనే ఉండాలి. దానికీ ‘హ్యాడ్’ తగిలిస్తే ఏది ముందో ఏది వెనకో తెలియదు.

ఇక వ్యవధికి వాడే ఫర్, మొదలైన సమయానికి వాడే సిన్స్. మన ‘నుంచి’ రెండింటికీ పనికొస్తుంది. ‘రెండు గంటల నుంచి’ అంటే గడియారంలో రెండు అయినప్పటి నుంచి అని ఒక అర్థం, రెండు గంటల సేపు అని ఇంకో అర్థం. ‘సిన్స్ టూ అవర్స్’ అనే తప్పు పుట్టేది ఇక్కడే. దీనికి తేలిక పరీక్ష ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘ఐదేళ్లుగా’ కుదిరింది, కాబట్టి ‘ఫర్’. ‘సోమవారంగా’, ‘2010గా’ కుదరవు, కాబట్టి ‘సిన్స్’.

తెలుగు రూపం ఇంకోచోట కూడా పక్కదారి పట్టిస్తుంది. ‘అప్పటికి గంట నుంచి కూర్చుని ఉన్నాం’ అన్నప్పుడు మనకు ‘తున్నాం’ రాదు, ఇంగ్లీషులో మాత్రం ‘హ్యాడ్ బీన్ సిట్టింగ్’ అనాలి. ‘అప్పటికి ఏళ్లుగా నమ్ముతున్నారు’ అన్నప్పుడు మనకు ‘తున్నారు’ వస్తుంది, అక్కడ ‘హ్యాడ్ బిలీవ్డ్’ చాలు. నో (తెలిసి ఉండడం), ఓన్ (సొంతంగా ఉండడం), బిలాంగ్ (చెంది ఉండడం) లాంటి స్థితి తెలిపే క్రియలూ అంతే. లెక్క చెప్పినప్పుడు కూడా కంటిన్యువస్ పనికిరాదు. ‘అప్పటికి మూడు ఉత్తరాలు రాసేసింది’ అంటే ‘హ్యాడ్ రిటెన్ త్రీ లెటర్స్’.

జవాబు పత్రాల్లో మార్కులు పోగొట్టే జంట ‘హ్యాడ్ బీన్ రిపేర్డ్’, ‘హ్యాడ్ బీన్ రిపేరింగ్’. మొదటిది పాసివ్, అంటే రోడ్డును ఎవరో బాగుచేశారు. రెండోదాని ముందు ‘ద రోడ్’ పెడితే రోడ్డే పలుగూ పారా పట్టినట్టు! వాయిస్ మార్చే ప్రశ్నల్లో ఈ టెన్సు ఇవ్వకపోవడమే మేలు. ‘హ్యాడ్ బీన్ బీయింగ్’ అని మాట్లాడేవాళ్లు ఇంగ్లీషులోనూ దాదాపు లేరు. రిపోర్టెడ్ స్పీచ్‌లో మాత్రం ఇది తప్పక కావాలి. ‘ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్’ అని ఆమె అన్న మాటను తర్వాత చెప్పేటప్పుడు ‘షి సెడ్ దట్ షి హ్యాడ్ బీన్ వెయిటింగ్’ అవుతుంది.

‘హ్యాడ్’ ఉంటే భాష గంభీరంగా ఉంటుందన్న భ్రమ ఉద్యోగ దరఖాస్తుల్లోకీ పాకింది. ఇంకా అక్కడే పనిచేస్తున్నవారు ‘ఐ హ్యాడ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని రాస్తున్నారు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ‘మరి ఎందుకు మానేశారు?’ అని వస్తే తప్పు అడిగినవారిది కాదు.

ఇట్లు,
కొందరు ఇంగ్లీషు ఉపాధ్యాయులు,
గుంటూరు