కానుకల వ్యాసాలు ముందుగా రావాలి

సంపాదకులకు నమస్కారం.

పండుగ సెలవులు వారం రోజుల్లోకి వచ్చాయనగా పత్రికల అనుబంధాలలో తక్కువ ఖర్చుతో చేసుకోగల కానుకల గురించి వ్యాసాలు వెలువడటం, వాటిలో ఇంటి సబ్బులు, కొవ్వొత్తులు, చేతి అల్లికలు, సీసాల్లో పెంచిన మొక్కలు వంటివి సూచించడం ఏటా చూస్తున్నాం. ఆ సూచనల మీద నాకు ఫిర్యాదు లేదు. ఉన్నదల్లా అవి అచ్చయ్యే తేదీ మీదే. డబ్బు తక్కువగా ఉన్న ఇంట్లో కానుకకు పెట్టుబడిగా పెట్టగలిగింది చాలావరకు వ్యవధే కాబట్టి, ఆ వ్యవధి కాస్తా గడిచిపోయాక అందిన సలహా పాఠకుణ్ణి తిరిగి దుకాణానికే పంపుతుంది.

సబ్బు సంగతే తీసుకుందాం. కాస్టిక్ సోడా ద్రావణాన్ని నూనెలతో కలిపి పోతపోసే పద్ధతిలో సబ్బు ఒకటి రెండు రోజుల్లో అచ్చు నుంచి ఊడి వస్తుంది గాని, అందులోని నీరు తగ్గి, బాగా గట్టిపడి, వాడకానికి అనువుగా మారడానికి 4 నుంచి 6 వారాలు ఆరబెట్టవలసి ఉంటుంది. మనీప్లాంట్ తీగను కణుపు కిందుగా కత్తిరించి నీళ్ల సీసాలో ఉంచితే వేళ్లు రావడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. వేళ్లు వచ్చాక ఇస్తే అది మొక్క. నిన్న కత్తిరించి ఇవాళ రిబ్బను కట్టి ఇస్తే అది తీగ ముక్క మాత్రమే. ఇక అల్లిక గురించి చెప్పనక్కరలేదు. ఉద్యోగం, ఇంటి పని ముగిశాక మిగిలే గంటల్లో ఒక మఫ్లర్ పూర్తిచేయడం వారం రోజుల పని కాదని సూదులు పట్టినవారందరికీ తెలుసు.

ఈ వ్యాసాలు దాటవేసే విషయం మరొకటి ఉంది. ఇంట్లో చేసినంత మాత్రాన ఖర్చు తగ్గదు. మొదటిసారి కొవ్వొత్తులు చేయబోయేవారు మైనం, వత్తులు, అచ్చులు, సువాసన నూనె, వేడి కొలిచే థర్మామీటరు అన్నీ కొనుక్కోవాలి కనుక, ఇద్దరికి ఇవ్వడానికి రెండే చేస్తే కొన్న కొవ్వొత్తుల కంటే అవే ఖరీదవుతాయి. అదే సరంజామాతో పదిమందికి చేసినప్పుడో, ఇద్దరు ముగ్గురు స్నేహితులు సామగ్రి పంచుకున్నప్పుడో మాత్రమే లెక్క కుదురుతుంది. (మైనాన్ని నేరుగా మంట మీద కాకుండా, వేడినీటి గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించాలన్న హెచ్చరికను కూడా స్థలాభావం వల్లనో ఏమో కొన్ని వ్యాసాలు వదిలేస్తున్నాయి. అది మాత్రం వదలదగినది కాదు.) ఒక్కరికే ఇవ్వదలచుకున్నప్పుడు ఇంట్లో ఉన్న వస్తువులతో అయ్యే పనిని ఎంచుకోవడం మేలు.

ఖరీదు తక్కువైతే అవతలివారు చిన్నబుచ్చుకుంటారేమోనన్న బెరుకు చాలామందిని అప్పుల వైపు నెడుతోంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ 2009లో ప్రచురించిన పరిశోధనలో, ధర ఎక్కువైన కానుకను ఎక్కువగా మెచ్చుకుంటారని ఇచ్చేవారు అనుకున్నారే తప్ప, పుచ్చుకున్నవారి మెప్పుకు ధరతో అలాంటి సంబంధం కనబడలేదు. ఇది చేతి కానుకల పక్షాన నిలిచే మాటే. అయితే చేతి పనిని నెత్తిన పెట్టుకునే మనలాంటివారికి మింగుడుపడని మాట 2012 నాటి మరో పరిశోధనలో ఉంది. మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ కాగితపు బొమ్మలు మడవడం కొత్తగా నేర్చినవారిని పరిశీలించగా, వారు తమ వంకరటింకర బొమ్మలకు నిపుణుల పనికి ఇచ్చేంత విలువ ఇచ్చుకోవడమే గాక, ఇతరులు కూడా అంతే విలువ ఇస్తారని ఆశించారు. ఇతరులు ఇవ్వలేదు. కాబట్టి 'నేను స్వయంగా చేశాను' అన్నది కానుకను చేసినవారికి ప్రియం చేస్తుందే గాని, పుచ్చుకునేవారికి అది పనికివచ్చేదీ నచ్చేదీ అయితే తప్ప, మొహమాటంతో అలమరలో దాచుకోవలసిన వస్తువుగానే మిగులుతుంది.

అందుకే ఏం చేయాలన్న ప్రశ్నకు ముందు ఆ మనిషి రోజు ఎలా గడుస్తోందని కొన్నాళ్లు గమనించడం అవసరం. చిన్న అక్షరాలు కనబడక చిరునామాల పుస్తకం పక్కన పెట్టేసిన పెద్దవారికి పెద్ద అక్షరాలతో మళ్లీ రాసి కుట్టిన పుస్తకం, ఊడిన జిప్పుతో మూలనపడిన ఇష్టమైన సంచికి కొత్త జిప్పు, పాత రేడియోకు మరమ్మతు వంటివి దుకాణంలో దొరకవు. అడిగి తెలుసుకోవడానికి సందేహించనక్కర్లేదు. కోరిన వస్తువైనా కోరనిదైనా ఒకేలా మెచ్చుకుంటారని ఇచ్చేవారు అనుకున్నా, పుచ్చుకునేవారు మాత్రం కోరిన వస్తువునే ఎక్కువగా మెచ్చుకుంటారని 2011లో ఫ్రాన్చెస్కా జీనో, ఫ్లిన్ చేసిన పరిశోధన తేల్చింది.

నా దృష్టిలో తక్కువ ఖర్చుతో అన్నిటికన్నా నిలిచే కానుక ఇంటి పెద్దల జ్ఞాపకాలను వారి మాటల్లోనే రాసి కుట్టి ఇచ్చే చిన్న పుస్తకం. దానికి కావలసినవి కాగితాలు, దారం, సూది, ఓపిక. ఎ4 కాగితాన్ని సగానికి మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి గనుక మొత్తం పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయని ముందే లెక్క వేసుకోవాలి. మడత మీద మూడు రంధ్రాలు చేసి, మధ్య రంధ్రం నుంచి మొదలుపెట్టి పై, కింది రంధ్రాల మీదుగా దారం తిరిగి మధ్యకే వచ్చేలా కుట్టి ముడివేస్తే సరిపోతుంది. కష్టమంతా కుట్టడానికి ముందే ఉంది. పెద్దవారిని ఒక్కసారి కూర్చోబెట్టి అన్నీ చెప్పమంటే తేదీలు చెబుతారు, కథలు చెప్పరు. మాటల మధ్యలో, పని మధ్యలో, పలుమార్లు అడిగితేనే అసలు సంగతులు బయటపడతాయి. అందులో ఫొటోలు చేర్చదలచుకుంటే ఒక జాగ్రత్త తీసుకోవాలి. మెసేజింగ్ యాప్‌లలో చేతులు మారిన ఫొటోల పరిమాణం తగ్గిపోతుంది. అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లు, ఎ4 పేజీ నిండా రావాలంటే సుమారు 2480×3508 పిక్సెళ్లు కావాలి కాబట్టి, తీసినవారి ఫోను నుంచి అసలు ఫైలునే తెప్పించుకోవాలి. దానికీ నాలుగు రోజులు పడుతుంది.

బడ్జెట్టును సులువుగా తగ్గించే ఉపాయం కూడా ముందస్తు మాట మీదే ఆధారపడి ఉంది. పదిమంది ఉన్న కుటుంబంలో ప్రతి ఒక్కరూ మిగిలిన తొమ్మిదిమందికీ కానుక ఇస్తే మొత్తం 90 కానుకలవుతాయి. పేర్లు రాసిన చీటీలు వేసి ఒక్కొక్కరు ఒక్క పేరు తీసుకుంటే 10 సరిపోతాయి. తొమ్మిదింటి మీద చెదరిపోయే ధ్యాస ఒక్కరి మీద నిలుస్తుంది. అయితే ఈ ఒప్పందం అందరూ కొనుగోళ్లు మొదలుపెట్టకముందే జరగాలి. సగంమంది సంచులు నింపుకున్నాక చెబితే అది పిసినారితనంగా వినిపిస్తుంది.

పసివారికి ఇచ్చేవాటి విషయంలో ఒక్క మాట: గుడ్డ బొమ్మలకు గుండీల కళ్లు అందంగానే ఉంటాయి గాని, మూడేళ్ల లోపు పిల్లలు వాటిని ఊడబీకి నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉన్నందున కళ్లను దారంతోనే కుట్టాలి.

వ్యవధి కూడా డబ్బులాంటిదేనని, రెండు పూటలా పనికి వెళ్లేవారికి అది డబ్బు కన్నా కరువని ఎవరైనా ఆక్షేపిస్తే నేను కాదనను. అలాంటివారిని కుట్లూ అల్లికలూ చేయమనడం మరో భారం మోపడమే అవుతుంది. వారికి ఒక పేజీ ఉత్తరం చాలు, అందులో ఫలానా రోజు మీరు చేసిన ఫలానా సాయం నాకు గుర్తుందని పేరుపెట్టి రాస్తే. 'ఎప్పుడైనా పిల్లల్ని చూసుకుంటాను' వంటి హామీ చీటీలు మాత్రం తేదీ వేసి ఇవ్వకపోతే చాలావరకు చీటీలుగానే మిగిలిపోతాయి.

కనుక మీ పత్రికకు నా విన్నపం ఇది. ఆరబెట్టడం, పెంచడం, అల్లడం, అడిగి రాయడం అవసరమైన కానుకల వ్యాసాలను సెలవులకు కనీసం ఆరు వారాల ముందు ప్రచురించండి. ప్రతి సూచన పక్కన ఎన్ని రోజులు పడుతుందో, తొలిసారి చేసేవారు ఏయే పనిముట్లు కొనవలసి వస్తుందో వేయండి. పండుగ వారపు అనుబంధంలో ఒక్క సాయంత్రంలో పూర్తయ్యేవి మాత్రమే ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు