అమ్మకి, నాన్న చదివి వినిపించాల్సిన ఉత్తరం

అమ్మా,

బాగున్నా. ముందే చెప్పేస్తున్నా, బాగున్నా, జ్వరం లేదు, చేతి మీద పిల్లి గీరు కూడా మానిపోయింది. మొన్న వీడియో కాల్‌లో అది చూసి, ఫోన్ పెట్టేశాక నాన్నతో ఎంతసేపు గొడవపడ్డావో తమ్ముడు చెప్పాడులే. ఫోన్లో అయితే నేను మూడు మాటలు మాట్లాడేలోపు నువ్వు పెళ్ళి దగ్గరికి వచ్చేస్తావ్, అందుకే రాస్తున్నా. నువ్వు తమిళ మీడియం, తమ్ముడికి తెలుగు అక్షరాలే రావు, కాబట్టి నాన్నే చదవాలి. నాన్నా, మధ్యలో దాటెయ్యకుండా చదువు.

ఆఫీసు మామూలే. కొత్త మేనేజర్ వచ్చాడు, పాతాయనే నయం. జీతం పడింది, ఒకటో తారీఖు పంపేశా.

ఇక నీ భయం సంగతి. ఇక్కడ సింగపూర్‌లో 1953 నుంచి రేబిస్ లేదమ్మా. నువ్వు పుట్టకముందు నుంచీ లేదు. అయినా డాక్టర్‌కి చూపించా, టీటీ వేసింది. అసలు భయపడాల్సింది నేను కాదు, మీరు. మేడ మీద ఆ మూడు రంగుల పిల్లి ఎవర్నైనా గీరినా కొరికినా పసుపు రాసి ఊరుకోవద్దు, సబ్బు పెట్టి కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే వెళ్ళి ఇంజెక్షన్ వేయించుకోవాలి. పక్కింటి ముసలి పాటికి కూడా చెప్పు.

"పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టుంది దీని వేషం" అన్నావట. పోనీ, నన్ను పెళ్ళికి పంపకు.

కోపం కాదమ్మా. ఈ పిల్లుల పని ఎలా మొదలైందో నీకు చెప్పనే లేదు. వచ్చిన కొత్తలో సాయంత్రం రూముకి పోతే గోడలే కదా, అందుకని కింద వాయిడ్ డెక్‌లో కూర్చునేదాన్ని, అంటే బిల్డింగ్ కింద ఖాళీగా వదిలేసిన జాగా, మన చెన్నై సైదాపేటలో అయితే పది బళ్ళు ఆపేసి ఓ ఇస్త్రీ బండి కూడా పెట్టేసేవాళ్ళు. అక్కడ ఒక మలయ్ అంకుల్ రోజూ తొమ్మిదింటికి వచ్చి పిల్లులకి తిండి పెట్టి, అవి తినేదాకా నిలబడి, చివరికి నేల తుడిచి మరీ వెళ్ళేవాడు. ఒక రోజు ఆయనకి నడుం పట్టేసి ఆ గుడ్డ నాకిచ్చాడు. అంతే. ఇప్పుడు మేం ఏడుగురం.

నువ్వు వీడియోలో చూసి "పాపం ఎవడో చెవి కోసేశాడు" అన్నావ్ చూడు, అది మా పనే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు మత్తులోనే ఎడమ చెవి కొస కాస్త కత్తిరిస్తారు, మళ్ళీ దాన్నే పట్టుకుపోయి కోయకుండా గుర్తు. పట్టుకోవడమే పెద్ద తంటా. ముందు రాత్రి నుంచి ఆ బ్లాకులో ఎవరూ తిండి పెట్టకూడదు, కడుపు నిండితే బోను వైపు కూడా చూడవు. బోను చివర్న సార్డిన్ చేప పెట్టి, ఊపిరి బిగబట్టి మెట్ల వెనక కూర్చోవాలి. తలుపు పడగానే గుడ్డ కప్పెయ్యాలి, చీకటైతే గింజుకోవడం తగ్గుతుంది. నువ్వు పంపిన కోఆప్టెక్స్ దుప్పటి దానికే వాడుతున్నా, తిట్టకు, మెత్తగా ఉంటుంది. ఆపరేషన్ అయ్యి కోలుకున్నాక ఎక్కడ పట్టామో అక్కడే వదుల్తాం. దూరంగా వదిలేస్తే ఆ జాగాలోకి వేరేవి వచ్చి చేరతాయి.

మా ఇంటి ఆంటీ సంగతి విను. ఇక్కడ గవర్నమెంట్ ఫ్లాట్లలో ముప్పై ఏళ్ళ పైన పిల్లిని పెంచనివ్వలేదు, కుక్కకి మాత్రం పర్వాలేదట, అదేం న్యాయమో. 2024 సెప్టెంబర్ నుంచి ఇంటికి రెండు పెంచుకోవచ్చన్నారు. ఈవిడ ఏళ్ళ తరబడి బీరువా వెనక దాచి పెంచిన పిల్లికి ఇప్పుడు లైసెన్సు, ఒంట్లో చిప్పు. ఆ కాగితం ఫ్రేమ్ కట్టిస్తానంటోంది.

గీరు ఎలా పడిందో చెప్తా. ఆ రోజు పెద్ద వాన, మా బ్లాకు వెనక కాలవలో పిల్ల అరుస్తోంది. నీళ్ళు చీలమండ దాకా వచ్చేశాయి. అంకుల్ టార్చ్ పట్టుకున్నాడు, నేను దిగా. ఇంకెవరూ లేరమ్మా, నేనే దిగాలి. పిల్లని పట్టుకోగానే గుండుసూదుల్లాంటి గోళ్ళతో చేతికి వేలాడింది. రూముకొచ్చి తల తుడుచుకుంటుంటే ఒకటే వణుకు, చలికి కాదు.

నాన్నా, ఇది నీకే. దాటెయ్యకు.

2015 డిసెంబర్ ఒకటో తారీఖు రాత్రి అడయారు నది నీళ్ళు మనింట్లోకి వచ్చినప్పుడు మన పిల్లి బెల్లం అటక మీద ఉంది. బుట్ట నా చేతిలోనే ఉంది. అమ్మ "సర్టిఫికెట్లు సర్టిఫికెట్లు" అని అరిచింది, బుట్ట కింద పెట్టి ఫైలు తీసుకున్నా. వెనక్కి తిరిగేసరికి నువ్వు నాయనమ్మని ఎత్తుకుని మెట్లెక్కుతున్నావ్, నన్ను కూడా లాక్కుపోయావ్. నిన్నూ అనట్లేదు, అమ్మనీ అనట్లేదు. ఆ ఫైలే కదా నన్ను ఇక్కడికి తెచ్చింది. నీళ్ళు తీశాక కిందికి దిగినప్పుడు ఆ బురదలో నువ్వు ముందు చూసింది ఫ్రిజ్ కాదు, అటక. నేను చూశా. తర్వాత ఎన్నో రోజులు పిట్టగోడ మీద కొబ్బరిచిప్పలో పాలు పెట్టేవాడివి, అమ్మ అడిగితే కాకులకి అన్నావ్. కాకులు పాలు తాగుతాయా నాన్నా.

సరే. అమ్మా, ఆ మూడు రంగుల దానికి పాటి పెరుగన్నం పెడుతోందట, పిల్లికి మాంసమో చేపో లేకపోతే ఒంటికి పట్టదు. నువ్వు ముట్టుకోనక్కర్లేదు, తమ్ముణ్ణి సైదాపేట మార్కెట్‌లో చేప తలకాయలు తెచ్చి మేడ మీదే పెట్టమను. నాన్న అది మగదంటున్నాడు, కాదు, మూడు రంగులుంటే దాదాపు ఎప్పుడూ ఆడదే. కడుపుతో ఉంటే రెండు నెలల్లో ఈనేస్తుంది, పిల్లలు పాలు మానకముందే మళ్ళీ చూలు కట్టేస్తుంది. వేలచ్చేరి మెయిన్ రోడ్డులో జంతువుల్ని చూసే బ్లూ క్రాస్ ఉంది కదా, ముందు ఫోన్ చేసి అడిగి తీసుకెళ్ళమను. ఇంకోటి, దానికి ఒంట్లో బాలేదని మీ జ్వరం మాత్ర ముక్క కూడా వెయ్యొద్దు, పారాసిటమాల్ పిల్లికి విషం.

కాలవలో దొరికిన పిల్ల నా రూములోనే అట్టపెట్టెలో ఉంది. తల్లి కోసం మూడు రోజులు వెతికాం, కనపళ్ళేదు. ఆవుపాలు పడవు, విరేచనాలైపోతాయి, దానికని వేరే పొడి ఉంటుంది. పసిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, బోర్లా ఉంచి పట్టాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాస్త పెద్దయ్యాక ఎవరికైనా ఇచ్చేస్తాం. పేరు పెట్టలేదు. రంగు మాత్రం అదే.

ఆంటీ ఇంట్లో ఇంకోదానికి చోటుందని నిన్న తనే అంది, నేనేం అడగలేదు.

నాన్నా బీపీ మాత్ర మానకు. అమ్మా సున్నుండలు పంపేటప్పుడు నెయ్యి తగ్గించకు, కొరియర్‌లో పొడైపోతున్నాయి.

అలారం మోగింది, దాని పాల టైం. మూడు రంగుల దాని ఫొటో పంపండి, మొహం కాదు, పొట్ట కనపడేట్టు పక్కనుంచి.